మూడో మనవి

మంగళవారం ఉదయం ఆరున్నరకే దేవకుమారి వంటింట్లో హడావుడి మొదలైంది. కోడలు దీవెన ఏడూ ఇరవై పాసింజరు అందుకుని ఏలూరు వెళ్లాలి. అక్కడొక రక్తపరీక్షల ల్యాబులో ఆమె టెక్నీషియన్. కొడుకు వెస్లీ చేపల మేత కంపెనీలో పనిచేస్తాడు. సోమవారం ముదినేపల్లి వైపు వెళ్లాడంటే కొల్లేటి చెరువుల గట్లన్నీ తిరిగి శుక్రవారానికి గానీ తాడేపల్లిగూడెంలో కనబడడు. భర్త భాస్కరరావు ఇరిగేషన్ ఆఫీసులో రిటైరయ్యాక పేపరు చదవడమే ఉద్యోగంగా పెట్టుకున్నాడు. ఆ ఉద్యోగానికి సెలవులు లేవు.

“అత్తమ్మా, మళ్లీ వంకాయేనా?” బాక్సు మూత తీసి చూసి మూతి ముడిచింది దీవెన.

“తినకపోతే ల్యాబులో పక్కవాళ్లకి పెట్టు. వాళ్లన్నా నన్ను మెచ్చుకుంటారు.”

“వాళ్లు రోజూ మెచ్చుకుంటారండీ. అందుకే నాకేం మిగలట్లేదు.” చెప్పులేసుకుంటూ నవ్వింది దీవెన.

ఆ నవ్వు విని దేవకుమారి లోపల్లోపలే స్తోత్రం చెప్పుకుంది. ఆ పిల్ల నవ్వి రెండు నెలలు దాటింది.

జనవరిలో, క్రిస్మస్ నక్షత్రం ఇంకా గుమ్మానికి వేలాడుతుండగానే, దీవెనకు మూడో నెలలో గర్భం పోయింది. పెళ్లైన నాలుగేళ్లకు నిలిచిన కడుపు. ఆసుపత్రి మంచం మీద పడుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని ఆమె అడిగింది ఒక్కటే. “అత్తమ్మా, ఇది ఎవరికీ తెలియనివ్వకండి. ఎవరైనా జాలిగా చూస్తే నేను తట్టుకోలేను.”

“పిచ్చిపిల్లా, నేనెవరికి చెబుతానే?” అంది దేవకుమారి. అన్నప్పుడు ఆ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. ల్యాబులో టైఫాయిడ్ అని చెప్పారు. చర్చిలోనూ టైఫాయిడే. చిన్నప్పుడే తల్లి పోయి హాస్టళ్లలో పెరిగిన పిల్ల దీవెన. అత్తగారు మాటిచ్చింది కదా అని నిశ్చింతగా కళ్లు మూసుకుంది.

నిజానికి దేవకుమారిని నమ్మకపోవడానికి ఎవరికీ కారణం లేదు. ఆమె ఓర్పు గురించి చర్చి సంఘంలో పిల్లల్ని అడిగినా చెబుతారు. పక్షవాతంతో మంచాన పడ్డ అత్తగారు మార్తమ్మకు ఆమె ఆరేళ్లు చాకిరీ చేసింది. ఆవిడ విసిరేసిన గంజి గిన్నె, తిట్టిన తిట్లు, దేవకుమారి పల్లెత్తు మాట అనకుండా గిన్నె ఏరుకుని మళ్లీ గంజి కలిపి తేవడం, ఇవన్నీ జనానికి ఎలా తెలిశాయంటే, ఏటా స్త్రీల కూడికలో దేవకుమారే సాక్ష్యంగా చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఆమె కళ్లు తుడుచుకునేది, వినేవాళ్లూ తుడుచుకునేవాళ్లు. పన్నెండేళ్లుగా స్త్రీల సమాజానికి ఆమే కార్యదర్శి.

ఆ సంఘంలో ఈస్టరుకు ముందు శ్రమకాలం వచ్చిందంటే గొలుసు ప్రార్థన ఉంటుంది. శనివారం పొద్దున్న ఆరు మొదలు ఆదివారం పొద్దున్న ఆరు దాకా ఇరవై నలుగురు స్త్రీలు, తలా ఒక గంట, ఎవరింట్లో వాళ్లు మోకరించి ప్రార్థన చేస్తారు. అందరి చేతిలోనూ ఒకటే మనవుల చీటీ ఉంటుంది. ఆ చీటీ రాసి, జిరాక్సు తీయించి పంచడం కార్యదర్శి పని. ఈ ఏడాది ఒకటో మనవి చర్చి స్లాబు, రెండో మనవి పిల్లల పరీక్షలు. మూడోది రాయబోతూ దేవకుమారి కాసేపు ఆగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘ఒక సహోదరి యింటి కోడలికి మూడవ నెలలో పోయిన గర్భము మరల నిలుచు నిమిత్తము’ అని గుండ్రటి అక్షరాలతో రాసింది. పేరు రాయలేదు కదా అని తృప్తి పడింది కూడా. చీటీలు పంచుతుంటే పాస్టరమ్మగారు “మూడోది ఎవరండీ?” అని మెల్లగా అడిగారు. దేవకుమారి చెప్పలేదు. తల దించుకుని కొంగు కళ్లకు అద్దుకుంది. ఇక చెప్పడానికి ఏం మిగిలింది?

గొలుసు ప్రార్థన ముగిసిన మూడో రోజే ఈ మంగళవారం.

సాయంత్రం ఆరున్నరకు రావలసిన దీవెన నాలుగున్నరకే వచ్చింది. దేవకుమారి వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. భాస్కరరావు కుర్చీలో పేపరుతో ఉన్నాడు.

“ఏంటమ్మా, ఒంట్లో బాగోలేదా?”

దీవెన హ్యాండ్‌బ్యాగులోంచి మడతపెట్టిన కాగితం తీసి చిక్కుడుకాయల చాట పక్కన పెట్టింది. విప్పక్కర్లేకుండానే దేవకుమారికి అదేమిటో తెలిసిపోయింది.

“మన సంఘం రూతమ్మగారు ఏలూరులో వాళ్లమ్మాయింటికి వచ్చారంటండీ. పనిలో పనిగా షుగర్ టెస్టుకి మా ల్యాబుకొచ్చారు. నేనే రక్తం తీశాను. సూది ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. రెండో చెయ్యి నా కడుపు మీద వేసి గట్టిగా ప్రార్థన మొదలెట్టేశారు.”

“ప్రార్థనే కదమ్మా...”

“‘ప్రభువా, మూడో నెలలో పోయిన ఈ బిడ్డ గర్భాన్ని’ అన్నారండీ. బయట పదిమంది పేషెంట్లున్నారు. టైఫాయిడ్ అంటే నమ్మి సెలవిచ్చిన మా ఇన్‌చార్జి పక్కనే ఉన్నారు. నేను దూది అదిమి పట్టుకుని నిలబడ్డాను. అయ్యాక ఆమెన్ కూడా అన్నాను. ఇంకేం చెయ్యమంటారు? ‘నా గంటలో నీ కోసం ఎంత ఏడ్చానో, మూడో మనవి నీదే కదమ్మా’ అని ఆవిడ చీటీ తీసి నా చేతిలో పెట్టారు.”

“నేను పేరు రాయలేదే!”

“ఎవరింటి కోడలు జనవరిలో పదిహేను రోజులు చర్చికి రాలేదో ఇరవై నలుగురికీ తెలీదా అండీ?”

దేవకుమారికి తప్పు చేసినట్టు అనిపించింది, అనిపించిన మరుక్షణమే కోపమొచ్చింది. “అయితే దేవుడికి చెప్పుకోవడం కూడా తప్పేనంటావా?”

“దేవుడికి చెప్పుకోండి. ఆయనకి జిరాక్సు ఎందుకండీ?”

భాస్కరరావు చేతిలో పేపరు కొంచెం కిందికి దిగింది.

“నీ కోసం ఏడ్చి రాశాను, దీవెనా. ఈ నాలుగేళ్లలో నిన్ను ఒక్క మాటన్నానా? మా అత్తగారి దగ్గర నేను పడ్డ దాంట్లో పిసరంతైనా నిన్ను పడనిచ్చానా?”

“లేదండీ. మీరు ఎప్పుడూ ఏమీ అనలేదు.” దీవెన గొంతు పెంచలేదు. “మీకు నా మీద ప్రేమ లేదని నేననట్లేదు. కానీ మీరు ఓర్చుకున్న ప్రతిదీ ఎక్కడో ఒకచోట చెప్పేస్తారు. మామ్మగారు గంజి గిన్నె విసిరిన సంగతి నాకు ఈ ఇంటికి రాకముందే తెలుసు. ఆవిడ పోయారు, ‘కాదు, ఇలా జరిగింది’ అని చెప్పుకోవడానికి లేరు. రేపు నా సంగతి కూడా సాక్ష్యమైపోతుంది. శుక్రవారం ఆయన వచ్చాక ఏలూరులో పోర్షన్ చూసుకుంటామండీ. ఫోన్లో చెప్పాను. సరే అన్నారు.”

లోపలికి వెళ్లి గది తలుపు నెమ్మదిగా వేసుకుంది. ధడాలున వేసి ఉంటే దేవకుమారికి ఇంకో నాలుగు మాటలు అనడానికి వీలుండేది. ఆ పిల్ల ఆ వీలు కూడా ఇవ్వలేదు.

“విన్నారా?” అంది భర్తతో.

“విన్నాను.”

“విని ఏమీ అనరేంటండీ?”

భాస్కరరావు పేపరు మడిచాడు. ఆయన పేపరు మడవడం ఆ ఇంట్లో అరుదు. “గుండుగొలనులో ఉన్నప్పుడు, వెస్లీకి ముందు...”

“ఇప్పుడదెందుకండీ?” ముప్పై మూడేళ్లుగా వాళ్లిద్దరి మధ్యా ఆ మాట రాలేదు.

“ఐదో నెలలో పోయింది. మా అమ్మ వీధరుగు మీద మంచం వాల్చుకుని పదకొండు రోజులు అక్కడే కూర్చుంది. గుర్తుందా?”

“లేకేం! నాకు ఆటలమ్మ పోసిందని ఊరందరికీ చెప్పారు. నా సొంత పిన్నిని కూడా గుమ్మం తొక్కనివ్వలేదు. కోడలు కడుపు నిలుపుకోలేకపోయిందని ఆవిడకి నామోషీ.”

“నామోషీ కాదు, కుమారీ. పాస్టరుగారు వస్తే ఆయన్నీ వెనక్కి పంపించేసింది. జన్మలో అబద్ధమాడని దానివి, ఇదేంటమ్మా అని నేనే అడిగాను. ‘పిల్ల ఏడుస్తోందిరా. నలుగురూ వచ్చి కూర్చున్నారంటే వాళ్ల కోసం ఏడవాల్సొస్తది. దాని ఏడుపు దాన్ని ఏడవనీ’ అంది. మంచాన పడ్డాక నిన్ను నోటికొచ్చినట్టు తిట్టింది, కాదనను. ఈ మాట మాత్రం ఎవరి దగ్గరా ఎత్తలేదు, పోయేదాకా.”

దేవకుమారి చేతిలోని చిక్కుడుకాయ చాటలో పడేసింది. “ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేమండీ?”

“ఎవరికీ చెప్పొద్దంది కదా. నీక్కూడా అనుకున్నాను.”

ఇంకోరోజైతే ఆ జవాబుకు ఆమె తల కొట్టుకునేదే. ఇప్పుడు చాట పక్కకు జరిపి మోకాళ్ల మీద తల పెట్టుకుంది. తాను చేసిన ఆరేళ్ల చాకిరీని ఏళ్ల తరబడి చెప్పుకుంది. మార్తమ్మ పదకొండు రోజులు కాపలా కాసి, ఆ ఊసే ఎత్తకుండా వెళ్లిపోయింది. ఆవిడను అంత కఠినాత్మురాలిగా సంఘమంతటికీ చూపించింది తనే. దేవకుమారికి ఏడుపు తన్నుకొచ్చింది. సాక్ష్యంలో ఏడ్చినట్టు కాదు, ముక్కు కారుతూ, వెక్కిళ్లు పెడుతూ. చూసినవాడు భాస్కరరావు ఒక్కడే. ఆయన మర్యాదగా మళ్లీ పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు దీవెన బాక్సు తీసుకోకుండా స్టేషనుకు వెళ్లిపోయింది. దేవకుమారి ఆటో ఎక్కి వెనకాలే వెళ్లింది. పాసింజరు పావుగంట లేటు. ప్లాట్‌ఫారం చివర సిమెంటు బల్ల మీద దీవెన ఒక్కతే కూర్చుని ఉంది.

“బాక్సు మరిచిపోయావు.”

“మరిచిపోలేదండీ.”

“తెలుసులే.” దేవకుమారి పక్కన కూర్చుంది. ఆటోలో అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. “మాటిచ్చి తప్పాను, దీవెనా. ప్రార్థన అని పేరు పెట్టి చెప్పుకున్నాను. నాకు చెప్పుకోవడం ఇష్టమమ్మా. నా కష్టం చూసి నలుగురూ అయ్యో అంటే బాగుంటుంది నాకు. యాభై ఏడేళ్లొచ్చాక నిన్న తెలిసింది ఆ సంగతి. నీ కష్టాన్ని కూడా నాదని చెప్పేసుకున్నాను.”

దీవెన పట్టాల వైపు చూసింది. మైకులో బండి వస్తోందని చెప్పారు. “క్షమించానండీ. నిన్ననే క్షమించేశాను. క్షమించకపోతే నాకు అన్నం సయించదు. కానీ మళ్లీ నమ్మడం ఉంది చూడండి, అది నా చేతిలో లేదు. నమ్ముదామనుకున్నా రావట్లేదు.”

“రానీ. ఎప్పుడొస్తే అప్పుడే.”

బండి వచ్చింది. దీవెన బాక్సు తీసుకుని ఎక్కింది.

గురువారం కూడిక పాస్టరమ్మగారింట్లో. పాటలయ్యాక దేవకుమారి లేచి నిలబడింది. “మొన్నటి చీటీలో మూడో మనవి నేను రాయకుండా ఉండాల్సిందండీ. అది నాది కాదు. దయచేసి ఆ చీటీలు నాకు తిరిగిచ్చేయండి. ఆ అమ్మాయి దగ్గర ఎవరూ ఆ మాట ఎత్తకండి.”

రూతమ్మ ముఖం చిన్నబోయింది. “అదేంటి దేవకుమారీ! మా ప్రార్థనలు అక్కర్లేదా మీకు? ఆ పిల్ల మీద ప్రేమతోనే కదా చెయ్యి వేశాను!”

“మీ తప్పేం లేదు రూతమ్మగారూ. తప్పు నాదే.”

“కోడలు గొడవ చేసిందేమో,” అని వెనక నుంచి ఎవరో గొణిగారు.

దేవకుమారి చెప్పాలనుకుంటే చెప్పగలదు. ల్యాబులో దీవెన ఎలా నిలబడిందో, ప్లాట్‌ఫారం మీద ఏమందో నాలుగు మాటల్లో చెబితే ఆ గదిలో అందరి కొంగులూ కళ్ల దగ్గరికి వెళ్తాయి. తన మీదా జాలి పడతారు. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. “లేదండీ,” అని కూర్చుంది.

పద్దెనిమిది చీటీలు తిరిగొచ్చాయి. మిగతావి కనబడట్లేదన్నారు. కోడలికి జడిసి ప్రార్థన వద్దందని, దేవకుమారి ఇదివరకటి మనిషి కాదని చెప్పుకున్నారు. ఈస్టరు వెళ్లాక కార్యదర్శి పని వేరే ఆవిడకు ఇచ్చారు. సాక్ష్యం చెప్పమని ఎవరూ అడగలేదు. కొన్నాళ్లు ఆమెకు చాలా బాధగా ఉంది. ఆ బాధ చెప్పుకోవడానికి భర్త తప్ప ఎవరూ లేరు. ఆయన వింటాడు గానీ అయ్యో అనడు.

వెస్లీ వచ్చిన శుక్రవారమే ఆమె కొడుక్కి అంతా తనే చెప్పింది. రెండు రోజులు అతను తల్లితో సరిగా మాట్లాడలేదు. ఏలూరులో రెండు పోర్షన్లు చూసొచ్చాడు. ఒకటి మూడో అంతస్తు, ఇంకోదానికి నీళ్ల కటకట. చూద్దాంలే అంది దీవెన. వెళ్లం అని మాత్రం అనలేదు.

ఆ వేసవంతా ఇంట్లో మర్యాద పెరిగింది. దేవకుమారికి ఆ మర్యాదే గుచ్చుకునేది. గ్యాసు అయిపోవచ్చింది, పాలవాడు రాలేదు, కూరలో ఉప్పు చాలింది, అంతవరకే. దీవెన ఎవరితోనైనా ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడుతుంటే దేవకుమారి పొయ్యి సిమ్‌లో పెట్టి పెరట్లోకి వెళ్లిపోయేది. ఆసుపత్రి కవరు ఒకటి ఫ్రిజ్ మీద రెండు రోజులు ఉంది. పక్కకు జరిపి తుడిచింది గానీ విప్పలేదు. ఆరేళ్ల మంచం చాకిరీ ఇంత కష్టంగా లేదనిపించింది. అప్పుడు చేతులకు పని ఉండేది. ఇప్పుడు ఊరికే ఉండాలి, అడగకుండా ఉండాలి.

సెప్టెంబరులో ఒక గురువారం ఉదయం, బండి టైము దాటిపోయినా దీవెన బయల్దేరలేదు. వంటింట్లో స్టూలు మీద కూర్చుంది.

“సెలవు పెట్టానండీ.”

“ఊఁ.” దేవకుమారి ఉల్లిపాయ తరగడం ఆపలేదు.

“రెండో నెల అత్తమ్మా. నిన్న సాయంత్రం కొంచెం రక్తం కనబడింది. డాక్టరుగారు కదలకుండా పడుకోమన్నారు. పది రోజులు గడిస్తే గానీ ఏ సంగతీ చెప్పలేమన్నారు. ఆయనకి చెప్పాను. ఇంకెవరికీ...” ఆగింది. “మీకు చెప్పాలనిపించింది.”

దేవకుమారి చేతిలో కత్తి కింద పెట్టింది. ఎవరికీ చెప్పనని మాటివ్వలేదు. కిందటిసారి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఆమెకు బాగా గుర్తుంది. ఉల్లి వాసన పోయేలా చేతులు కడుక్కుని, కోడల్ని నడిపించుకుని వెళ్లి పడుకోబెట్టి, కాళ్ల కింద దిండు పెట్టింది. మళ్లీ వచ్చి ఉల్లిపాయ తరిగింది. ఒక్క పాయ తరగడానికి అరగంట పట్టింది.

ఆ సాయంత్రం కూడిక వంతు వాళ్లింటిదే. వద్దంటే ఎందుకని అడుగుతారు. అయిదు గంటలకల్లా ముందు గదిలో చాపల నిండా ఆడవాళ్లు కూర్చున్నారు. లోపలి గది తలుపు ఓరగా వేసి ఉంది.

పాటలయ్యాయి. వాక్యం అయింది. “ఇక మనవులు చెప్పండమ్మా,” అన్నారు పాస్టరమ్మగారు. ఒకరికి మోకాళ్ల నొప్పులు, ఒకరి అబ్బాయికి ఉద్యోగం. స్లాబు ఇంకా పడలేదు. రూతమ్మ తన షుగరు గురించి చెప్పి పక్కకు తిరిగింది. “నీకేమైనా ఉందా, దేవకుమారీ?”

దేవకుమారి అందరి ముఖాలూ చూసింది. ప్రార్థన మీద ఆమెకు నమ్మకం లేక కాదు, ఉంది కాబట్టే కష్టం. ఒక్క మాట అంటే చాలు, ఇంతమంది ఇప్పుడే మోకాళ్ల మీద పడి ఆ నలుసు కోసం ఏడుస్తారు, పైగా మనస్ఫూర్తిగా. పది రోజుల భయం ఇంతమందీ తలా కొంచెం పంచుకుంటారు.

“నాకేం లేవండీ,” అంది.

“అదృష్టవంతురాలివి,” అంది రూతమ్మ. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అంది.

అందరూ కళ్లు మూసుకున్నారు. పాస్టరమ్మగారు ఒక్కొక్క మనవీ చెబుతూ ప్రార్థిస్తుంటే దేవకుమారికి కన్నీళ్లు ఆగలేదు. స్లాబు దగ్గరికి వచ్చేసరికి భుజాలు కూడా కదిలిపోయాయి. చర్చి స్లాబు కోసం ఇంతగా ఏడ్చిన మనిషిని తానెప్పుడూ చూడలేదని పక్కన కూర్చున్నావిడ వెళ్తూ వెళ్తూ మెచ్చుకుంది.

టీ గ్లాసులు తీసి, చాపలు చుట్టి, దేవకుమారి లోపలి గదిలోకి వెళ్లింది. దీవెన మెలకువగానే ఉంది. అన్నీ వినబడే దూరమే. మంచం మీద కొంచెం గోడవైపు జరిగి చోటిచ్చింది. దేవకుమారి కూర్చుంది.

“మనిద్దరం చేసుకుందామా అత్తమ్మా?”

దేవకుమారి తలూపి కోడలి చెయ్యి తీసుకుంది. పన్నెండేళ్లు ఎన్నో కూడికల్లో ముందుండి ప్రార్థన చేసిన మనిషి, కళ్లు మూసుకుని నోరు తెరిచింది. ఒక్క మాట రాలేదు. దీవెన కాసేపు చూసి, రెండో చెయ్యి కూడా ఆమె చేతి మీద వేసింది.

“ప్రభువా, మా అత్తమ్మకి చాలా భయంగా ఉంది,” అని తనే మొదలుపెట్టింది.